నేతల మీటింగు

“బిడ్డా, నేతల మీటింగు ఇదేనా?”

శ్రవణ్ కుమార్ తలెత్తాడు. ఎదురుగా ఒక ముసలాయన: పంచె, భుజాన తువ్వాల, చెప్పుల నిండా దుమ్ము. గద్వాలలోని ఆ ఫంక్షన్ హాలు గుమ్మం మీద ‘యువ నేతల సదస్సు’ అని గజమెత్తు అక్షరాలు.

“ఇదే. కానీ నువ్వనుకునే నేత కాదు తాతా. నేసేటోళ్లది కాదు, నాయకులది.”

“నేసేటోళ్లకు నాయకుడుండడా?” అంటూ ముసలాయన పక్క కుర్చీలో కూర్చున్నాడు.

శ్రవణ్‌కు నవ్వొచ్చింది గానీ నవ్వే తీరిక లేదు. చీరల కంపెనీ పెట్టాడు. యాప్ ఉంది, లోగో ఉంది, మగ్గం మాత్రం లేదు. పేరుకు పట్టు వ్యాపారం. నేతగాళ్ల మీద ఇసుమంత పట్టు లేదు. సాయంత్రంలోగా అరవై మగ్గాలు ఖాయం చేస్తేనే ఆర్డరని బెంగళూరు షాపాయన తేల్చేశాడు. మగ్గాలవాళ్లను ఒప్పిస్తానని ఈ సదస్సు పెట్టిన స్వరూపక్క మాటిచ్చింది. ఎందుకైనా మంచిదని తానూ జేబు నిండా కార్డులతో దిగాడు.

“ఈడ ఏం చేస్తరు బిడ్డా?”

“నెట్‌వర్కు.”

“అదే గద, నేతవర్కు!”

“అబ్బా! నెట్‌వర్కంటే పెద్దోళ్లను పరిచయం చేసుకునుడు తాతా.”

“నాకు డెబ్బై నాలుగు. ఇంకెంత పెద్దగ గావాలె?”

శ్రవణ్ గుమ్మం వైపు చూపు తిప్పుకున్నాడు. ముసలాయన అతని బ్యాడ్జీ మీద పేరు కూడబలుక్కొని చదివాడు.

“ఒక్క ముచ్చట చెప్పు. మా చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ఒక్క మగ్గం మీద ఇద్దరం కూసుంటం. ఒకని చెయ్యి ఆగితే రెండోడు ఆగాల్సిందే. మీ నాయకులల్ల పక్కోడు ఆగితే, మీరు ఆగుతరా?”

“ఆగితే ఎనకబడ్తం!”

“అట్లనా,” అన్నాడు ముసలాయన. తువ్వాల దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

అంతలో హైదరాబాదు నుంచి ఒక కోటాయన దిగాడు. కోటు చూడగానే శ్రవణ్‌కు కోట్లు కనిపించాయి.

“జర లే తాతా, సారుకు కుర్చీ గావాలె!”

ముసలాయన లేచాడు. తువ్వాలతో కుర్చీ తుడిచి మరీ ఇచ్చాడు.

“మంచిది బిడ్డా, పోతున్న.”

కోటాయన శ్రవణ్ ఇచ్చిన కార్డుతో విసురుకుంటూ, “ఇక్కడ ఏసీ లేదా?” అన్నాడు.

పది నిమిషాలకు స్వరూపక్క రెండు టీలు పట్టుకొని వచ్చింది.

“తాతేడి?”

“ఆ పంచె కట్టుకున్నాయననా? దారి తప్పొచ్చిండక్కా. పంపించేసిన.”

ఆమె గిర్రున గేటు వైపు తిరిగింది.

“పంపించేసినవా!”

కప్పులు కింద పడేసి గేటు దాకా పరుగెత్తింది. ఆమె వెనకే శ్రవణ్. తాత ఎక్కిన రాజోలి బస్సు అప్పుడే మలుపు తిరిగిపోయింది.

“ఫోను చెయ్యక్కా.”

“ఆయన ఫోను పెట్టుకోడురా!”

శ్రవణ్ జేబులో ఫోను మోగింది. బెంగళూరు. ఎత్తకుండా స్వరూపక్క వైపు తిరిగాడు.

“ఎవరక్కా... ఆయన?”

“తిమ్మప్ప తాత. రాజోలి అరవై మగ్గాలోళ్లు కూడి, ‘నువ్వు పోయి ఆ పిల్లగాన్ని చూసి రా, నువ్వు ఊ అంటే నేస్తం’ అని పంపితే, తానెవరో చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకొని మరీ నీ పక్కన కూసున్నడు.”