మాట పడిపోయాక

పక్షవాతంతో రిటైర్డ్ హెడ్మాస్టరుకు మాట పడిపోయింది. పెళ్లయిన నాటినుంచీ ఆయన ఎత్తిపొడుపులు పడ్డ భార్య చెవులకు ఇన్నాళ్లకు సుఖం దొరికిందని చుట్టాలు చాటుగా నవ్వుకున్నారు.

ఆవిడ రోజూ టీ చల్లార్చి, చెంచాతో తాగిస్తూ దెప్పేది. "అందరికీ వంకలు పెట్టిన నోరు కదా, ఇప్పుడేమైంది? నాలుక అరిగిపోయిందా?"

ఆయన గోడకేసి చూస్తూ మింగేసేవాడు.

ఒక ఉదయం మొదటి గుక్కకే మొహం చిట్లించాడు. పెదవులు వణికాయి.

"కు... కుడితి" అన్నాడు.

"మీ మొహానికి ఇదే ఎక్కువ" అంటూనే ఆవిడ కళ్లు తుడుచుకుంది.

తండ్రి గొంతు విని పరిగెత్తుకొచ్చిన కూతురు టీ రుచి చూసి ఉమ్మేసింది. "అమ్మా, ఇందులో ఉప్పేశావా?"

"రోజూ వేస్తూనే ఉన్నానే" అంది తల్లి. "ఇవాళ్టికి తిట్టారు మీ నాన్న."