నీలం పూల దుప్పటి

“దుప్పటేదే? ఆవిడ వచ్చేస్తోంది!” ఎఫీ గుమ్మంలోంచి వంగి, కింది వాటా టీనీతో గొంతు అణుచుకుని అరిచింది.

కింద టీనీ ఇల్లు చూడడం ముగించి కార్పొరేషన్ ఇన్‌స్పెక్టరమ్మ మెట్లెక్కుతోంది. ఇల్లు శుభ్రంగా ఉంచుకునేవాళ్లకే ఊరి బయట కట్టిన కొత్త ఇళ్లు ఇస్తారు. ఆవిడ ఔనంటే ఔను, కాదంటే కాదు. యుద్ధం ముగిసింది గాని గ్లాస్గోలో ఈ పాతమేడ గోడలకి చెమ్మ వదల్లేదు. ఎఫీ కూతురు రోనా ఛాతీలో పిల్లికూతలు. ఇంకో చలికాలం ఇక్కడే ఉంటే పిల్ల దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

మెట్ల మలుపు మలుపుకీ అందరికీ కలిపి ఒక మరుగుదొడ్డి. ఇన్‌స్పెక్టరమ్మ దాంట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. అదే అదనుగా టీనీ దుప్పటి ఒక చంకలో, గడియారం ఒక చంకలో ఇరికించుకుని పరుగున వచ్చింది. గడియారం జారింది. నేలకి జానెడు ఎత్తులో పట్టుకుంది.

“అంతసేపు లోపల ఏం చూస్తోందే?” అంది ఎఫీ.

“గోడ ఇటుకలు లెక్కెడుతోందేమో! తిరగేసి పరు. మా ఇంట్లో పూలవైపు చూసేసింది. మరక పడిందో, నీ తోలు ఒలుస్తా. మా అమ్మ పెళ్లినాటిది. మళ్లీ పైన నెల్లీకి ఇవ్వాలి.”

ఎఫీ రోనా పడుకున్న మంచం మీద దుప్పటి తిరగేసి పరిచి, గడియారం గూట్లో పెట్టింది. టీనీ తలుపు వెనక నక్కింది. ఇన్‌స్పెక్టరమ్మ లోపలికొచ్చి కిటికీ అంచు వేలితో రాసి చూసింది. గడియారం వంక చూసింది. మంచం దగ్గర ఆగింది.

“అమ్మా, ఇవాళ ఈ దుప్పటి మనదేనా?” అంది పక్కలోంచి రోనా.

ఎఫీ గబుక్కున పిల్ల నుదుటి మీద చెయ్యేసింది. “జ్వరం మాటలండీ...”

ఇన్‌స్పెక్టరమ్మ దుప్పటి అంచు పైకెత్తింది. కింద పాత పక్కగుడ్డ. అన్నీ అతుకులే, కాని మల్లెపువ్వులా ఉంది. దాన్ని అరచేత్తో నిమిరింది.

“ఈ చెమ్మలో ఇది ఎలా ఆరేశావమ్మా?”

“పొయ్యి మీద తాడు కట్టానండి. రాత్రిళ్లు లేచి లేచి తిప్పుతుంటాను.”

“కొత్తింట్లో ఆ పాట్లుండవు. పిల్ల గదిలో సాయంత్రం దాకా ఎండ ఉంటుంది. ఇంట్లోనే స్నానాల తొట్టి. కుళాయి తిప్పితే గోడలోంచి వేడినీళ్లు.”

“గోడలోంచా?” ఎఫీ నోరు తెరిచింది. “మరి కాచేదెవరండీ?”

“పొయ్యి వెనకాలే బాయిలరు. దానంతటదే కాగుతుంది.”

ఎఫీ చెయ్యి తనకి తెలియకుండానే పక్కనున్న గోడ మీదికి పోయింది. పుట్టిన్నాటి నుంచీ గోడలు చల్లటి చెమట పట్టడమే చూసింది. గోడ లోపల వేడినీళ్లు పారతాయంటే, గుళ్లో నిలబడినట్టు నిలబడిపోయింది.

“ఆ నీళ్లు కూడా ఇవాళొక్కరోజేనా?” అంది రోనా.

“రోజూనమ్మా. ఆ ఇల్లు మీదే.”

ఆవిడకి చేతులెత్తి మొక్కాలో, కౌగిలించుకోవాలో ఎఫీకి తెలియలేదు. ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మం దాకా వెళ్లి, తలుపు వెనక్కి తొంగిచూసింది.

“పై మరుగుదొడ్డిలో ఇంకాస్త ఎక్కువసేపే ఉంటాను,” అంది టీనీతో. “గడియారం మాత్రం నెమ్మదిగా తీసుకెళ్లు. ఇందాక తలుపు సందులోంచి చూసి నా గుండె ఆగినంత పనైంది!”