మా ల్యాబు నార్మల్

మా జన్యుపరీక్షల ల్యాబులో రోగుల రక్తాన్ని నా రక్తంతోనే పోల్చి చూస్తాం. ఎవరొచ్చినా డాక్టరుగారు నన్ను చూపించి, "మా నార్మల్ ఈవిడే" అంటారు.

ఇవాళ ముగ్గురు రోగుల జన్యువుల్ని నా జన్యువుతో పోలిస్తే, ముగ్గురిలోనూ ఒకేచోట, ఒకే ఒక్క డీఎన్ఏ అక్షరం తేడా వచ్చింది. అక్కడ అక్షరం మారినవాళ్ళకి నడివయసులో నరాలు చచ్చుబడతాయి. పిల్లలకీ సంక్రమించవచ్చు.

"ఒకరికొకరు ఏమీకాని ముగ్గురికీ అదే జబ్బా? మళ్ళీ చెయ్యమ్మా," అన్నారు డాక్టరుగారు.

చేశాను. మళ్ళీ అదే తేడా. అప్పుడు పరీక్షగా చూశాను. అక్కడ ఉండాల్సిన అక్షరం ఆ ముగ్గురిలోనూ సరిగ్గానే ఉంది. మారింది నాలో.

మళ్ళీ అదే తేడా వచ్చిందని మాత్రం ఆయనకి చెప్పాను.

"నీ శాంపిల్ పాడైనట్టుంది," అన్నారాయన. "మీ అమ్మాయి బయటే ఉందిగా, దాని రక్తం తియ్యి. ఇకనుంచి అదే మన నార్మల్."

వద్దంటే కారణం చెప్పాలి. తీస్తే దాని తలరాత ఈ బల్లమీదే తేలిపోతుంది.

ఆయన అప్పటికే తలుపు తీసి పిలిచేశారు. అది నవ్వుతూ వచ్చి కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచింది. నేను సూది తీసి మళ్ళీ ట్రేలో పెట్టెయ్యడం చూసింది.

"నాకు లేని భయం నీకెందుకమ్మా? నీ రక్తమేగా."