లక్ష చూపులు

"నువ్వు మిక్సీ బాగుచేసే వీడియో లక్షమంది చూశారు బావా! ఇదీ మన పరపతి!" బావమరిది మెకానిక్ ముఖం ముందు ఫోను పెట్టాడు.

"చూసి ఏం చేశార్రా? బల్లమీద ఒక్క మిక్సీ లేదు. ఇలాగైతే కొట్టు మూసుకోవడమే," అన్నాడు మెకానిక్.

"కామెంట్లు చదువు! 'మిమ్మల్ని చూసి మా మిక్సీ మేమే బాగుచేసుకున్నాం, మీకు దండాలు' అంటున్నారు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నా పొట్ట నాచేతే కొట్టించావు గదరా!"

అంతలో ఒకావిడ వచ్చి బకెట్లో తెచ్చిన మిక్సీ ముక్కలు బల్లమీద కుమ్మరించింది.

"మీ వీడియో చూసి మా ఆయన విప్పాడండీ. బిగించాక సగం మరలు మిగిలాయి. స్విచ్ వేస్తే ఇదిగో, ఇలా అయింది."

మెకానిక్ మీసం మెల్లగా కదిలింది.

"ఒరేయ్, రేపటి వీడియోలో విప్పడం వరకే చూపించు. బిగించేచోట కెమెరా ఆపెయ్. ఇక లెక్క చూపుల్లో కాదు, బకెట్లలో చూద్దాం."