ఆకుపచ్చ తలుపు

"పటిక కలపాల్సిందే!" మార్తా బల్ల గుద్దింది. "నిన్న మా ఆయన రొట్టెని కుక్కకి పారేశాడు. అదీ వాసన చూసి వెళ్ళిపోయింది."

దుకాణంలో అందరూ గొల్లుమన్నారు. జెబెజ్ హోల్రాయిడ్ మాత్రం నవ్వలేదు. ఫ్లానెల్ ఉన్నిగుడ్డ నేసే నేతగాళ్ళంతా కడుపు కట్టుకుని పెట్టుకున్న ఉమ్మడి దుకాణం అది. కల్తీ సరుకు అమ్మకూడదన్నది మొదటి రోజు రాసుకున్న నియమం. రాసింది జెబెజే.

"పటిక కలిపితే పిండి తెల్లబడుతుంది, నిజమే. దాంతోపాటు పిల్లల కడుపులూ పాడవుతాయి, మార్తమ్మా."

"ఎదురు దుకాణం పిండి తిని ఎవరు చచ్చారన్నా? అది పాలనురగలా ఉంటుంది. మనది చూడు, పేడ రంగు!"

ఎదురు దుకాణం క్రాబ్‌ట్రీ షావుకారుది. ఆయన ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏం జెబెజ్, మట్టి బాగా అమ్ముడుపోతోందా?" అని వీధి అదిరేలా కేకేశాడు. ఈ ఏడు కొత్త మేడ కట్టాక ఆయన నోటికి పట్టపగ్గాల్లేవు.

జెబెజ్‌కి ఒళ్ళు మండింది. "మన పిండి కావాలని కొనేవాళ్ళు లేరా? డోర్కసమ్మ ప్రతి శనివారం మూట పట్టుకెళ్తుంది. మా అయ్యగారింట్లో తెల్లరొట్టె ఎవరూ ముట్టరు అంటుంది."

"ఏదీ, ఇవాళ రాలేదే?"

నిజమే. కట్టిన మూట మూలన అలాగే ఉంది. ఉన్న ఒక్క సాక్షీ చేజారిందేమోనని జెబెజ్ గుమ్మం వైపు చూశాడు.

"ఇంతకీ ఎవరింట్లో పనిమనిషి?"

"చెప్పదు. చర్చి వెనక సందులో ఆకుపచ్చ తలుపు అని ఒకసారి నోరు జారింది, అంతే."

మార్తా మూట వైపు చూసింది. "సోమవారం అందరం చేతులెత్తి తేల్చుకుందాం. తెల్లరొట్టె వద్దని ఇది తినేవాళ్ళని నా కళ్ళకి చూపించు, నా చెయ్యి నీ వైపే లేస్తుంది. లేదంటే పటికే!"

చాలామంది తలలూపారు.

మర్నాడు ప్రార్థన అవగానే జెబెజ్ దుకాణానికొచ్చి మూట భుజానికెత్తుకున్నాడు.

"ఆదివారం పూట బరువులా? పాదిరిగారు చూస్తే తోలు తీస్తారు!" అంది మార్తా.

"దేవుడికి నేను చెప్పుకుంటాలే, నువ్వు నడు."

అతని వెనక మార్తా, ఆమె వెనక సగం వీధి బయల్దేరింది. దారంతా ఎత్తే. మగ్గం తొక్కీ తొక్కీ అరిగిన మోకాళ్ళు సలుపుతున్నా జెబెజ్ ఒక్కచోట కూడా మూట దించలేదు. ఆ సందులో అన్నీ మేడల పెరటి గుమ్మాలే. నేతగాళ్ళకి అటు ఎప్పుడూ పని పడలేదు. చివరి నుంచి రెండోది ఆకుపచ్చ తలుపు. జెబెజ్ తట్టాడు.

"ఎవరూ?" లోపల్నించి ఆడగొంతు వినిపించింది.

"డోర్కసమ్మకి పిండి తెచ్చానండీ."

"హమ్మయ్య! తను జ్వరంతో పడుకుంది. ఏమండీ, కాస్త తలుపు తీయండి! నిన్నట్నుంచి మంచి రొట్టె లేక అల్లాడుతున్నాం. ఆ తెల్లది పిల్లలకెలా పెడతాం?"

జెబెజ్ వెనక్కి తిరిగి మార్తా వైపు చూశాడు. మార్తా తల దించుకుంది.

లోపల చెప్పుల చప్పుడు దగ్గరైంది. గడియ కదిలింది.

తలుపు తీసింది క్రాబ్‌ట్రీ షావుకారు.