బొట్టు లేనామె

చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సు పూతలపట్టు దాటింది.

ముగ్గురు కూర్చునే సీట్లో కిటికీ పక్కన రుక్మిణమ్మ, మధ్యలో ఆమె కూతురు ధరణి, ఈ చివర ఎవరో ఒకామె. అరవైకి దగ్గర పడ్డ మనిషి. నూలు చీర, ఒళ్ళో గుడ్డసంచి, బోసి నుదురు.

ఆ నుదురు చూడగానే రుక్మిణమ్మకు ప్రాణం ఉసూరుమంది.

పెళ్ళయి ఏడాది తిరగని కూతురికి నుదుట శనగగింజంత తెల్లమచ్చ వచ్చింది. అది పోవాలని, అలిపిరి నుంచి మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టిస్తూ కొండెక్కిస్తానని మొక్కుకుంది. అంత మంచి పనికి బయల్దేరితే పక్కన ఈమె దాపురించిందేమిటి అనుకుంది.

బస్సు గుంతలో పడి ఎగిరింది. ఆమె సంచి జారి, లోపలున్నవన్నీ కింద పడ్డాయి. అన్నీ స్టిక్కరు బొట్టు ప్యాకెట్లే. ఒక్కోదాని మీద పెన్నుతో ఒక్కో నెంబరు రాసుంది.

బొట్టుబిళ్ళలు అమ్ముకునే మనిషి కాబోలు అనుకుంది రుక్మిణమ్మ.

ధరణి వంగి ఏరిచ్చింది. ఆమె ప్యాకెట్లు అందుకుంటూ ధరణి ముఖంలోకే చూసింది.

"పాపా, బిళ్ళ చుట్టూ తెల్లగా ఉండాదే, ఎన్నాళ్ళయింది?"

"రెండు నెల్లయిందమ్మా."

"ముందు దురద పెట్టిందా?"

"పెట్టింది. గోకి గోకి ఎర్రబడి, ఆమీట ఇట్ల తెల్లగా అయిపోయింది."

"అయితే నా మాట విని ఇప్పుడే తీసెయ్. ఇంక ఈ బిళ్ళ జోలికి పోవద్దు. ఈ నుదురు ఇట్లే ఉంటే..."

రుక్మిణమ్మ చివరిదాకా విననే లేదు.

"ఏమ్మా, నీ బొట్టు పోయిందని నా బిడ్డ బొట్టు గూడా తీయమంటావా? కొండకు పోతావుండే ముత్తైదువుతో మాట్లాడే మాటేనా ఇది?"

బస్సంతా తిరిగి చూసింది.

ఆమె సంచిలోంచి చీటీ తీసి నాలుగు ముక్కలు రాసి ధరణి చేతిలో పెట్టింది.

"మంగళవారం ఈడికి రా తల్లీ. ఆలస్యం చేయొద్దు."

రుక్మిణమ్మ ఆ చీటీ లాక్కుని కిటికీలోంచి పారేసింది.

"పెద్దమ్మా, గొడవెందుకు గానీ, నువ్వు ముందరికి పోయి నిలబడుకో," అన్నాడు కండక్టరు.

ఆమె సంచి తీసుకుని లేచింది. చంద్రగిరి దాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. ధరణి ఒకసారి లేవబోతే రుక్మిణమ్మ రెక్క పట్టి కూర్చోబెట్టింది.

మొక్కు తీరింది. మచ్చ మాత్రం పెరిగింది.

దానికి రుక్మిణమ్మ కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, పెద్ద బిళ్ళ. మచ్చ పావలా అంత అయితే పావలా అంత బిళ్ళ, రూపాయంత అయితే రూపాయంత బిళ్ళ. తానే కొని తెచ్చి, తానే కూతురి నుదుట అదిమి అదిమి అంటించింది. ఆ తల్లి చేసిన పని తలుచుకుంటే జాలిపడాలో తిట్టాలో తెలియదు.

ఒకనాడు అత్తింట్లో తలంటుకునే వేళ ఆ మచ్చ అత్త మునిరత్నమ్మ కంటబడనే పడింది.

"బొల్లి పిల్లను మాకు అంటగట్టినారు గదే," అని ఆ పూటే కంచం వేరు పెట్టింది. మొగుడు జయచంద్ర ధరణిని పుట్టింటికి బస్సెక్కించి, వెనకాలే చిత్తూరు కోర్టు నుంచి విడాకుల నోటీసు పంపించాడు.

"బొల్లి కాదని డాక్టరు కాగితం తెండి," అన్నాడు ప్లీడరు.

అప్పుడు గానీ రుక్మిణమ్మకు తిరుపతిలో చర్మం ఆసుపత్రి ఒకటుందని గుర్తు రాలేదు. బస్సు గొడవ జరిగి అప్పటికి పది నెలలు.

ఆసుపత్రి వాకిట్లో తెల్లచొక్కా ముసలాయన వచ్చిన ఆడవాళ్ళందరికీ ఒక్కో కాగితం ఇస్తున్నాడు.

"పెట్టుకున్న బిళ్ళ తీసి దీని మీద అంటించి, పేరు రాయండమ్మా."

లోపల డాక్టరు రూపశ్రీ ధరణి నుదురు చూసి నిట్టూర్చింది.

"ఇది బొల్లి కాదమ్మా. బిళ్ళ వెనక జిగురు పడక వచ్చింది. కాగితం రాసిస్తాను."

"మచ్చ పోతుంది గదమ్మా?"

"శనగగింజంత ఉన్నప్పుడే ఆపుంటే రంగు తిరిగొచ్చేది. ఇప్పుడు అంచుల్లో కాస్త వస్తే గొప్పే."

ధరణి తల వంచుకుంది. రుక్మిణమ్మ కూతురి ముఖం చూడలేక గోడ వైపు తిరిగింది. అక్కడ ఒక వీపు ఫోటో ఉంది. వీపు నిండా వరసగా చిన్న చిన్న చదరాలు, కొన్ని ఎర్రగా పుండు పడి ఉన్నాయి.

"అది ఎవరి వీపమ్మా?"

"మా పెద్ద మేడంది. ఈ జిగుర్ల మీద పదేళ్ళు పరిశోధన చేశారు. బజారులో దొరికే ప్రతి బిళ్ళా ముందు తన ఒంటికే అంటించుకుని చూసేవారు. చివరికి ఆమెకు ఏదీ పడకుండా పోయింది, కుంకుమ కూడా. ప్యాకెట్లకు నెంబర్లు వేసుకుని, సంచిలో పెట్టుకుని, సంతల్లో బస్సుల్లో తిరిగి ఆడవాళ్ళకు చెప్పేవారు."

రుక్మిణమ్మకు బస్సులో కింద పడ్డ ప్యాకెట్లు గుర్తొచ్చాయి. గబగబా వాకిట్లో ముసలాయన దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆ పెద్ద మేడం యాడుంటుంది? ఒకసారి ఆయమ్మ కాళ్ళు పట్టుకోవల్ల."

"ఎందుకమ్మా?"

"బస్సులో నా బిడ్డ మంచికి చెప్పింది. బొట్టు లేదని, మొగుడు పోయినాడనుకోని, నలుగురిలో నోరు పారేసుకున్నా."

ముసలాయన ధరణి బిళ్ళ అంటించిన కాగితం మీద నెంబరు వేసి, పక్కన పెట్టాడు.

"అట్ల శానామంది అన్నారులేమ్మా. పోయిన నెల పోయింది. ఇంక దురద పెట్టదు గదా అని, తొమ్మిదేళ్ళ తర్వాత, నా పెళ్ళాం నుదుట నా చేత్తోనే ఇంత కుంకుమ పెట్టి పంపించినా."