భీమేశ్వరరావు పాడిన మూడు క్యాసెట్లు

ఆ ఆదివారం మణికొండ ఫ్లాట్‌లో మామయ్య, ఉమాశ్రీ అత్త, మామయ్య స్నేహితుడు ప్రవీణ్, సెలవులకి ఊరి నుంచి వచ్చిన నేను ఉన్నాం. కాలేజీ రోజుల్లో మామయ్య వాళ్ల, అరిచి పాడే పోస్ట్ పంక్ బ్యాండ్ తెచ్చిన, ఎవరూ కొనని మూడు క్యాసెట్లు కూడా ఉన్నాయి.

నెట్‌లో పెడదామని వాటిని వరసగా వింటున్నారు. చివరి పాట దగ్గర టేపు నలిగిపోయింది.

"ఇగ భీమేశ్వరరావు మళ్ల పాడాలె," అన్నాడు ప్రవీణ్. అట్టల మీద గాయకుడి పేరు అదే.

"ఆయన పాడరు," అంది అత్త, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"అసలు పాటే అది. అది లేకుండా ఏం పెడతాం ఉమా?" అన్నాడు మామయ్య.

"ఆ అరుపులు ఎవరు వింటారు?"

పెద్దవాళ్ల మధ్య నేను మాట్లాడను. కానీ నోరు ఊరుకోలేదు.

"పొద్దున్న నేను నాలుగుసార్లు విన్నానత్తా. బొంగురు గొంతుతో, ఎవరో కాలు తొక్కినట్టు అరుస్తారాయన. కానీ నేను డైరీలో రాసి చింపేసేవన్నీ గట్టిగా అనేస్తున్నారు."

ప్రవీణ్ పడీ పడీ నవ్వాడు. "భీమేశ్వరరావంటే మీ అత్త వాళ్ల నాయిన, బిడ్డా! పాడింది మీ అత్త."

"నా పేరు వేస్తే నాన్న చంపేసేవారు," అంది అత్త. "ఆయన పేరే వేస్తే ఎవర్ని తిడతారు?"

పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని మిక్సీ వేయడానికే జంకే అత్త!

చిక్కుడుకాయలు పక్కన పెట్టి, ప్రవీణ్ తెచ్చిన మైకు అందుకుంది. నేను ముందుకు జరిగి కూర్చున్నాను.

అత్త నన్ను రెక్క పట్టి లేపి, గది బయట నిలబెట్టింది.

"నువ్వు వింటుంటే నాకు సిగ్గే," అని తలుపేసేసింది.